విజయనగరం–శ్రీకాకుళం మాంగనీసు గనులు

ఉత్తర కోస్తాలో చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం, రామభద్రపురం, సాలూరు పరిసరాల్లో చెదురుమదురుగా ఉన్న మాంగనీసు నిక్షేపాలను భూగర్భ శాస్త్రవేత్తలు ఒకే ఖనిజ క్షేత్రంగా లెక్కిస్తారు. మన దేశంలో మాంగనీసును వ్యాపార స్థాయిలో తవ్వడం మొదలైంది ఇక్కడే, 1892లో. కోడూరు, గర్భాం, గరివిడి, దేవాడ, పేరాపి గనులు వీటిలో పేరున్నవి. కోడూరు పేరు మీద ఒక శిలకే నామకరణం జరిగింది. అణు ఖనిజాల మాటకొస్తే అవి ఇక్కడి కొండల్లో కాక సముద్రపు ఒడ్డు ఇసుకలో దొరుకుతాయి.

పాత నివేదికలు తిరగేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే గని మూడు జిల్లాల పేర్లతో కనిపిస్తుంది. బ్రిటిషు కాలపు పుస్తకాల్లో ఇది విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక చీపురుపల్లి చుట్టుపక్కల గనులు ఆ జిల్లా కింద నమోదయ్యాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా రావడంతో మళ్ళీ చిరునామా మారింది. ఇది తెలియక ఒకే నిక్షేపాన్ని రెండుసార్లు లెక్కవేసిన వ్యాసాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

శిలలు

ఈ ప్రాంతమంతా తూర్పు కనుమల శిలా మండలంలో భాగం. విశాఖ కైలాసగిరి, సింహాచలం కొండల నుంచి ఒడిశా దాకా పరుచుకున్న రాయి ఖొండలైటు. కలహండి ప్రాంతపు ఖొండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ కలిసిన ఈ రాయి ఒకప్పటి బంకమట్టి, బురదల అవక్షేపం. సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట భూమి పొరల అడుగున 900 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడికీ, విపరీతమైన ఒత్తిడికీ లోనై ఇప్పుడు కనిపించే రూపానికి వచ్చింది. దాని పక్కనే క్వార్ట్‌జైటు, సున్నపు అంశం ఎక్కువున్న గ్రాన్యులైటు, చార్నొకైటు ఉంటాయి. వీటి మధ్య పట్టీలుగా, ముక్కలుగా మాంగనీసు ఉన్న శిలలు కనిపిస్తాయి.

ఆ శిలలకు కోడూరైటు అని పేరు పెట్టినవాడు లూయిస్ లీ ఫర్మోర్. 1902లో భారత భూగర్భ సర్వే సంస్థలో చేరిన ఫర్మోర్ దేశమంతా తిరిగి మాంగనీసు నిక్షేపాలను పరిశీలించాడు. 1909లో వెలువడిన ఆయన గ్రంథం వెయ్యి పేజీలు దాటిన మహా సంపుటం. ఈ గనుల గురించి రాసేవారెవరైనా ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తర్వాత ఆయన సర్వే సంస్థ డైరెక్టరయ్యాడు. యాత్రా రచయితగా ప్రపంచానికి తెలిసిన పాట్రిక్ లీ ఫర్మోర్ ఆయన కొడుకే. కొడుకు పేరు తెలిసినవారిలో తండ్రి కోడూరు గనుల్లో రాళ్లు పగలగొట్టిన సంగతి ఎరిగినవారు తక్కువ.

తాజా కోడూరైటు ముక్కను చేతిలోకి తీసుకుంటే మూడు రంగులు కనిపిస్తాయి. తెల్లగా, లేత గులాబీగా ఉండేది పొటాషియం ఫెల్స్‌పార్. నారింజ, గోధుమ రంగుల మధ్య మెరిసే గింజలు గార్నెట్. స్పెస్సార్టైటు, ఆండ్రడైటు అనే రెండు గార్నెట్ల లక్షణాలు కలిసి ఉండటంతో ఫర్మోర్ ఆ పేర్లను అతికించి దాన్ని స్పాండైటు అన్నాడు. మూడోది అపటైటు. ఇది చిన్న చిన్న గింజలుగా ఉంటుంది కనుక కంటికి అంతగా ఆనదు. ఈ గనుల భవిష్యత్తును నిర్ణయించింది మాత్రం ఈ మూడోదే. అపటైటు కాల్షియం ఫాస్ఫేటు. అంటే రాతిలోనే ఫాస్ఫరస్ పుట్టి ఉంది.

గరివిడిలో దొరికిన మరో ఖనిజానికి తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరుతో ఫర్మోర్ వ్రెడెన్‌బర్గైటు అని పేరు పెట్టాడు. మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కలిసిన ఈ నల్లరాయి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. అది ఒకే ఖనిజం కాదనీ, రెండు ఖనిజాలు సన్నని పొరలుగా అల్లుకున్న మిశ్రమమనీ తర్వాతి సూక్ష్మదర్శిని పరీక్షల్లో తేలింది.

కోడూరైటు ఎలా పుట్టిందన్నది పెద్ద వివాదమే అయింది. భూగర్భం నుంచి ఉబికి వచ్చిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడిన అగ్నిశిల అని ఫర్మోర్ వాదన. అమెరికా శిలాశాస్త్రవేత్త విట్‌మన్ క్రాస్ 1914లోనే ఈ వర్గీకరణను ప్రశ్నిస్తూ వ్యాసం రాశాడు. ప్రపంచంలో మరే అగ్నిశిలలోనూ ఇంత మాంగనీసు కనిపించదన్నది ఫర్మోర్ వాదానికి ఎప్పుడూ అడ్డుగానే నిలిచింది. 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. మహదేవన్ ఆధ్వర్యంలో భూగర్భ శాస్త్ర విభాగం మొదలయ్యాక చర్చ ఆ విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరుకు మారింది. సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన మహదేవన్ విభాగానికి కొండలూ గనులూ దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి ఎ. శ్రీరామదాస్ 1957లో గార్నెట్ల రసాయన కూర్పును వాటి స్ఫటిక కొలతలు, వక్రీభవన గుణకాల సాయంతో పట్టుకునే పటాలను ఒక అమెరికన్ పత్రికలో ప్రచురించాడు. ఆ పద్ధతి చాలాకాలం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మాంగనీసు నిండిన సముద్రపు అవక్షేపాలే తక్కిన పొరలతోపాటు మాడి రూపాంతరం చెందాయనీ, వాటిలోకి ఫెల్స్‌పార్ ద్రవం చొరబడటంతో కోడూరైటు తయారైందనీ ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఫర్మోర్ పెట్టిన పేరు మిగిలింది, ఆయన కారణం మిగల్లేదు.

తవ్వి అమ్మిన ఖనిజం అధికభాగం కోడూరైటు కాదు, అది శిథిలమై మిగిలిన పదార్థం. వాన నీరు లక్షల ఏళ్లు ఇంకగా ఫెల్స్‌పార్ కరిగి తెల్లని మెత్తటి సుద్దగా మారింది. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు లిథోమార్జ్. గార్నెట్‌లోని మాంగనీసు నీటితో కదిలి వేరే చోట నల్లని ఆక్సైడుగా పేరుకుంది. అందుకే కోడూరు వంటి చోట్ల పనస తొనల్లా నల్లని ఖనిజం గడ్డలు తెల్ల సుద్దలో పొదిగి ఉంటాయి. ఒక గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందుగా చెప్పడం కష్టం. నాగపూర్ వైపు మధ్య పరగణాల గనుల్లో ఖనిజం పొరలు మైళ్ల కొద్దీ ఒకే తీరుగా సాగుతాయి. ఇక్కడ అలా కాదు. గర్భాంలో మాత్రం ప్రకృతి కాస్త ఉదారంగా ఉంది. అక్కడి నిక్షేపం పొడవు 1,600 అడుగులు, అత్యధిక మందం 167 అడుగులు, అందులో ఖనిజమే 100 అడుగులని ఫర్మోర్ కాలపు కొలతలు.

కంపెనీ, రైలు, రేవు

ఉక్కు చరిత్ర తెలియకపోతే చీపురుపల్లి పొలాల్లోకి గునపాలు ఎందుకొచ్చాయో అర్థం కాదు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన కొత్తలో తయారైన ఉక్కు సాగగొడితే పగిలిపోయేది. మాంగనీసు కలిపితే ఆ లోపం పోతుందని రాబర్ట్ మషెట్ చూపించాడు. 1882లో హాడ్‌ఫీల్డ్ అధిక మాంగనీసుతో గట్టి ఉక్కు చేశాడు. ఐరోపా కొలిమిలకు మాంగనీసు నిత్యావసరమైంది. దాన్ని ముఖ్యంగా రష్యా సామ్రాజ్యంలోని జార్జియా గనులు సరఫరా చేసేవి.

ఆ సమయంలో పుట్టింది విజయనగరం మైనింగ్ కంపెనీ. గనుల భూములు ఎక్కువగా విజయనగరం సంస్థానం కిందివి కనుక కౌలు, రాయల్టీ వ్యవహారాలు జమీందారీతోనే నడిచాయి. 1892లో తవ్వింది 674 టన్నులు. తీరం వెంట రైలు మార్గం 1893–1896 మధ్య దశలవారీగా పూర్తయింది. చీపురుపల్లి, గరివిడి ఆ దారిలోనే ఉండటం గనులకు కలిసొచ్చింది. 1900 నాటికి ఉత్పత్తి 92,008 టన్నులకు చేరింది. ఎనిమిదేళ్లలో ఇంత పెరుగుదలకు అసలు కారణం రైలేనని నా అంచనా. ఎందుకంటే టన్నుల కొద్దీ బరువైన రాయి ఎడ్లబండి మీద కాస్త దూరం పోయినా దాని లాభం దారి ఖర్చుకే సరిపోతుంది.

విశాఖలో అప్పటికి ఓడ ఒడ్డుకు చేరే రేవు లేదు. స్టీమర్లు సముద్రంలోనే లంగరు వేసేవి. తీరం నుంచి సరుకును మసూలా పడవల్లోకెక్కించి, అలలు దాటించి ఓడలోకి చేర్చేవారు. మేకు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టిన ఈ పడవలు కెరటాల దెబ్బకు వంగేవి తప్ప విరిగేవి కావు.

1900 తర్వాత మధ్య పరగణాల్లో నాగపూర్, బాలాఘాట్, భండారా గనులు తెరుచుకోవడంతో కథ తిరగబడింది. అక్కడి ఖనిజంలో మాంగనీసు 50 శాతం పైన, ఫాస్ఫరస్ తక్కువ. ఇక్కడి దాంట్లో మాంగనీసు తక్కువ, ఇనుము ఎక్కువ, ఫాస్ఫరస్ మరీ ఎక్కువ. ఫాస్ఫరస్ చేరిన ఉక్కు చలిలో పెళుసుగా విరుగుతుంది కనుక కొనేవాళ్లు ధర కోసేవారు. 1905 నాటి రష్యా అల్లర్లలో కాకసస్ (జార్జియా) గనుల సరఫరా దెబ్బతినగానే మాత్రం ఎక్కడి ఖనిజమైనా చెల్లుబాటైంది. 1907లో దేశం మొత్తం ఉత్పత్తి 9 లక్షల టన్నులకు చేరింది. ఆ పండగలో విశాఖ జిల్లాకూ వాటా దక్కింది, కానీ పెద్ద వాటా నాగపూర్ వైపు పోయింది.

అంతకన్నా విచిత్రం మరొకటుంది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి దగ్గర దారిలో చేర్చడం విశాఖ రేవు కట్టడంలోని ముఖ్యోద్దేశాల్లో ఒకటి. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు దారి 1931లో పూర్తయింది. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. బొబ్బిలి, గజపతినగరం మీదుగా పోటీదారు ఖనిజం వేగన్ల మీద వెళుతుంటే ఇక్కడి గనులవాళ్లు చూస్తూ ఉండాల్సి వచ్చింది.

గనిలో పని

ఇవి చాలావరకు పైకి తెరిచిన క్వారీలు. సుద్దను గునపంతో పెళ్లగించి, గట్టి బండను సమ్మెటతో, మందుగుండుతో పగలగొట్టేవారు. ఖనిజాన్ని చేత్తో ఏరి, అంటిన మట్టి రాలగొట్టి, రాశులు పోసి, తట్టల్లో ఎత్తి గట్టు మీదికి మోసేవారు. ఏరడం, మోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. పైరోలుసైటు అనే మాంగనీసు ఆక్సైడును ముట్టుకుంటే చేతికి మసిలా అంటుకుంటుంది, వేళ్ల గీతల్లోంచి సులువుగా పోదు. దాని దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే నరాల జబ్బు వస్తుంది. నడక తూలడం, మాట తడబడటం, మొహంలో కదలిక పోవడం దాని లక్షణాలు, చూడటానికి పార్కిన్సన్స్ వ్యాధిలా ఉంటుంది. మాంగనీసు పొడి రుబ్బే కార్మికుల్లో ఈ జబ్బును స్కాట్లండ్ వైద్యుడు జాన్ కూపర్ 1837లోనే వర్ణించాడు. ఇక్కడి క్వారీలు తెరుచుకున్నది ఆ తర్వాత 55 ఏళ్లకు.

కొలిమి

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయి భూగర్భ హక్కులు ప్రభుత్వానికి చేరాయి. లీజుల్లో నాగపూర్ మార్వాడీ వ్యాపార సంస్థ శ్రీరాం దుర్గాప్రసాద్, ఫతేచంద్ నర్సింగ్‌దాస్ ముఖ్యమైంది. 1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్తు అందుబాటులోకి వచ్చింది. ఆ దశకంలోనే ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడి శ్రీరాంనగర్‌లో విద్యుత్ కొలిమి కట్టి ఫెర్రో మాంగనీసు తయారీ మొదలుపెట్టింది. ఒక టన్ను మిశ్రలోహానికి రెండున్నర వేల యూనిట్ల పైన కరెంటు తినే కొలిమి అది. రాయి అమ్ముకునే ఊరు లోహం అమ్మే ఊరుగా మారింది. కానీ ఫాస్ఫరస్ బెడద కొలిమిలోనూ వదల్లేదు. కరిగించినప్పుడు ఖనిజంలోని ఫాస్ఫరస్ దాదాపు మొత్తం లోహంలోకే దిగుతుంది. అందుకని స్థానిక ఖనిజంలో బయటినుంచి తెచ్చిన తక్కువ ఫాస్ఫరస్ ఖనిజం కలపక తప్పదు. ఫాస్ఫరస్ లోహంలోకి పోయాక మిగిలే చిట్టెంలో మాంగనీసు చాలా ఉండి, ఫాస్ఫరస్ తక్కువగా ఉంటుంది. ఆ చిట్టెమే సిలికో మాంగనీసు తయారీకి మంచి ముడిసరుకు.

విశాఖ ఉక్కు కర్మాగారానికి గర్భాంలో సొంత మాంగనీసు గని ఉంది. బ్లాస్ట్ ఫర్నేసులో వేయడానికి అత్యున్నత రకం అవసరం లేదు కనుక ఈ ఖనిజం అక్కడ పనికొచ్చింది. జిల్లాలోని విద్యుత్ కొలిముల కథ వేరు. యూనిట్ ధర పెరిగినప్పుడల్లా అవి ఆరిపోవడం, తగ్గినప్పుడు మళ్ళీ వెలగడం ఉత్తరాంధ్రలో తరచూ వినిపించే వార్తే.

తీరపు ఇసుక

ఖొండలైటు, చార్నొకైటు కొండలు అరిగి నాగావళి, వంశధార నదులతో సముద్రంలో కలిసిన ఇసుకను అలలు బరువును బట్టి వేరుచేశాయి. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరాల్లో కనిపించే ఎరుపు, నలుపు చారలు ఆ పనే. ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మనైట్. వాటిలో పసుపు రంగు గింజలుగా మోనజైటు ఉంటుంది. థోరియం, అరుదైన మృత్తికలు, కొద్దిగా యురేనియం ఉండే మోనజైటు అణుశక్తి చట్టం పరిధిలోకి వస్తుంది. దేశంలో మోనజైటు నిల్వలు అత్యధికంగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయని కేంద్ర అణుశక్తి విభాగం లెక్క. గార మండలం వత్సవలస దగ్గర కొన్నేళ్లు గార్నెట్, ఇల్మనైట్ కోసం ప్రైవేటు తవ్వకాలు సాగాయి. మోనజైటు ఉన్న తీరపు ఇసుకలో ప్రైవేటు లీజులు చెల్లవని 2019లో కేంద్రం నిబంధన మార్చింది.