మ్యాచ్‌కు ముందు కలకత్తా ఏం వాదించుకుంది?

1997 జులై 14న రాష్ట్రపతి ఎన్నిక. ఒకవైపు కె.ఆర్. నారాయణన్, మరోవైపు టి.ఎన్. శేషన్. ఫలితం మీద ఎవరికీ అనుమానం లేదు. దానికి సరిగ్గా ఒకరోజు ముందు కలకత్తాలో జరగవలసిన మరో పోరు ఫలితాన్ని మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేకపోయారు. అది ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. తలపడేవి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. ఆ వారమంతా టీ కొట్ల దగ్గర, ట్రాముల్లో, పాత ఇళ్ల వీధి అరుగుల మీద కలకత్తా చర్చించిన విషయం ఒక్కటే: అమల్ దత్తా వజ్రాకార వ్యూహం నిలుస్తుందా, కూలుతుందా?

రాజకీయాలు రాసేవాడికి ఫుట్‌బాల్ ఎత్తుగడలతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ఈ నగరంలో పెద్ద మ్యాచ్‌కు ముందు సాగిన వాదాల చరిత్రను గమనిస్తే పని ఉందనే అనిపిస్తుంది. జట్టు ఎలా ఆడాలి అన్న ప్రశ్న వెనుక ప్రతిసారీ మరో ప్రశ్న నిలబడి ఉంది: ఆ జట్టును తమదనుకుంటున్న మనం ఎవరం?

మొదటి ఉదాహరణ 1911. ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ ప్రత్యర్థి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్. పదకొండు మంది బెంగాలీ ఆటగాళ్లలో పది మంది ఉత్త కాళ్లతో ఆడేవారు. బూట్లు తొడుక్కున్నది సుధీర్ ఛటర్జీ ఒక్కరే. జులై నెల, వానల కాలం. మైదానం తడిస్తే ఉత్త పాదం జారుతుంది, బూటు నిలుస్తుంది. పొడిగా ఉంటే ఉత్త పాదానికే బంతి మీద పట్టు ఎక్కువ. కనుక ఆ రోజుల్లో మ్యాచ్‌కు ముందు ఆకాశం వంక చూడడం కూడా ఎత్తుగడలో భాగమే. అయితే బూటు పాలకుడి గుర్తు, ఉత్త పాదం పాలితుడి గుర్తు. వాన పడుతుందా లేదా అన్న మాటలో ఆ రెండు గుర్తుల బరువూ ఉండేది.

జులై 29న మోహన్ బగాన్ ముందు వెనుకబడి, ఆ తర్వాత శివదాస్ భాదురి, అభిలాష్ ఘోష్ కొట్టిన గోల్స్‌తో 2-1 తేడాతో గెలిచింది. మైదానం కనబడనంత దూరాన నిలిచిన జనానికి స్కోరు చెప్పడానికి గాలిపటాలు ఎగరేశారు. 1905లో బెంగాల్‌ను చీల్చిన విభజన ఇంకా అమలులోనే ఉన్న కాలమది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ దర్బారులో ఆ విభజనను రద్దు చేశారు, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చారు. ఈ రెండింటికీ షీల్డ్ విజయం కారణమని చెప్పడం అతిశయోక్తి. కాని 1911ను తలచుకున్నప్పుడు బెంగాలీకి ముందుగా గుర్తొచ్చేది దర్బారు కాదన్నది మాత్రం నిజం.

బూట్ల వాదం అక్కడితో తెగలేదు. 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన మొహమ్మదన్ స్పోర్టింగ్, తడి మైదానంలో బూట్లతో ఆడడం అలవాటు చేసుకుంది. ఆ లీగ్‌ను గెలిచిన తొలి భారతీయ క్లబ్ అదే. ముస్లిం రాజకీయాలు బలపడుతున్న దశలో వచ్చిన ఆ విజయాలను ఆటగా మాత్రమే చూసినవారు తక్కువ. చివరకు వాదాన్ని తేల్చింది 1952 హెల్సింకీ ఒలింపిక్స్. చలిలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిన తర్వాత మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

ఈస్ట్ బెంగాల్ క్లబ్ పుట్టిందే ఒక పెద్ద మ్యాచ్‌కు ముందు జరిగిన తగాదాలో. 1920 జులై 28న కూచ్‌బెహార్ కప్‌లో మోహన్ బగాన్‌తో జోడాబగాన్ క్లబ్ ఆడవలసి ఉంది. శైలేష్ బోస్ అనే ఆటగాడిని కారణం చెప్పకుండా జట్టులోంచి తప్పించారు. అతణ్ని తీసుకోవాలని క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి పట్టుబట్టారు. ఆయన మాట చెల్లలేదు. తూర్పు బెంగాల్ వారమన్న చిన్నచూపు వల్లనే ఇలా జరిగిందని భావించినవారంతా కలిసి నాలుగు రోజుల్లో, ఆగస్టు 1న, కొత్త క్లబ్ పెట్టుకున్నారు. పదకొండు మందిలో ఎవరుండాలన్న వాదం ఒక ప్రాంతపు ఆత్మగౌరవ వాదంగా మారడానికి నాలుగు రోజులు చాలాయి. ప్రాంతీయ ఉద్యమాలను దగ్గరగా చూసిన తెలుగు పాఠకులకు ఈ క్రమం కొత్తది కాదు.

1947 తర్వాత ఆ క్లబ్ అర్థమే మారింది. ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటి వచ్చిన లక్షల మందికి, పోగొట్టుకున్న ఊరి పేరు మోసే సంస్థ అదొక్కటే మిగిలింది. పశ్చిమ బెంగాల్ పాతకాపులు ‘ఘోటి’లు, తూర్పు నుంచి వచ్చినవారు ‘బాంగాల్’లు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజారులో ఇలిష్ చేపకు గిరాకీ, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యకు. ఈ ఇలిష్, గోదావరికి ఎదురీదినప్పుడు మనం పులస అని మురిసిపోయే చేపే.

ఆ కాందిశీకుల జట్టుకు కీర్తి తెచ్చిన ముందు వరుసను జనం ‘పంచపాండవులు’ అని పిలుచుకున్నారు. వారు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివారే. వారిలో ఒక్క బెంగాలీ లేడు. పదేళ్ల తర్వాత ఆ జట్టుకు నాయకత్వం వహించినది సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. తమ ఊరి పరువును పరాయి ప్రాంతపు కాళ్లకు అప్పగించడానికి ఆ అభిమానులు వెనుకాడలేదు. గుర్తింపు రాజకీయాల మీద వ్యాసాలు రాసేవారు ఆగి ఆలోచించవలసిన విషయమిది. ‘మనవాడు’ అన్న మాటకు పుట్టుక ఒక్కటే కొలత కాదని ఫుట్‌బాల్ గ్యాలరీ ముందే గ్రహించింది.

మళ్లీ 1997కు వద్దాం. మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా, ఈస్ట్ బెంగాల్ శిక్షకుడు పీకే బెనర్జీ. ఇద్దరూ భారత జట్టుకు ఆడినవారే. ఇద్దరికీ పొసగదన్నది ఊరందరికీ తెలుసు. దత్తా చదువరి. ఇంగ్లండు వెళ్లి శిక్షణ పొంది వచ్చి, ఇక్కడి ఆటను శాస్త్రీయంగా మార్చాలని తపించిన మనిషి. పీకే హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో మలిగినవాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అందించిన రహీం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో భారత్ 2-1తో గెలిస్తే, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది, మరొకటి పీకేది. చేతిలో ఉన్న మనిషిని బట్టి వ్యూహం మార్చడం రహీం పద్ధతి. ఆటగాళ్ల మనసును మాటలతో రగిలించడం పీకే సొంత విద్య.

దత్తా తన మధ్యవరుసను వజ్రం ఆకారంలో అమర్చి, జట్టు మొత్తాన్ని దాడికి ఉసిగొల్పే పద్ధతి తెచ్చారు. క్వార్టర్ ఫైనల్లో చర్చిల్ బ్రదర్స్‌ను మోహన్ బగాన్ 6-0తో చిత్తు చేయడంతో ఆ వజ్రానికి మెరుపు వచ్చింది. వాదం అక్కడే మొదలైంది. అందరూ ముందుకు ఉరికినప్పుడు బంతి చేజారితే వెనుక కాపలా ఎవరు? దాడే రక్షణ అనుకోవడం ధైర్యమా, దుస్సాహసమా? పత్రికలు పటాలు గీసి మరీ ఈ ప్రశ్నలు వేశాయి. బడి దాటని మనిషి, కళాశాల అధ్యాపకుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఖాళీ స్థలం గురించి, దాన్ని ఎవరు మూయాలన్న దాని గురించి మాట్లాడుకున్నారు. బెంగాలీలు ‘అడ్డా’ అని పిలిచే ఆ పిచ్చాపాటీలో హోదాకు విలువ లేదు. ఎదుటివాడు అడిగిన దానికి జవాబు ఉందా లేదా అన్నదే లెక్క.

ఆ వాదానికి మరో ముఖం కూడా ఉంది. ప్రత్యర్థులను రెచ్చగొట్టడానికి దత్తా వారికి వెక్కిరింపు పేర్లు పెట్టారు. ఒమోలోను ఆమ్లెట్ అన్నారు, సోసోను శశా, అంటే దోసకాయ అన్నారు. భైచుంగ్ భుటియాను ‘చుంగ్‌చుంగ్’ అన్నారు. మొదటి రెండూ వట్టి హాస్యమని వదిలేయవచ్చు. మూడోదాన్ని అలా వదలలేం. సిక్కిం మన దేశంలో విలీనమైన మరుసటి ఏడాది పుట్టిన ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు అది. ఈశాన్యపు, హిమాలయపు ముఖాలను మన మహానగరాలు ఎలా పలకరిస్తాయో మనకు తెలుసు. ఎత్తుగడల చర్చలో అలాంటి మాట కూడా నవ్వుగా చెల్లిపోయిందని ఒప్పుకోకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం.

జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్ఫై వేలకు పైగా జనం కూర్చున్నారు. భారత క్రీడా చరిత్రలో అంతటి గుంపు మరెక్కడా కూడలేదంటారు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ముందుకు ఉరికిన మోహన్ బగాన్ వెనుక వదిలిన ఖాళీల్లోకి భైచుంగ్ చొచ్చుకుపోయి హ్యాట్రిక్ చేశాడు. వెక్కిరింపుకు జవాబు మైదానంలోనే దొరికింది. అయితే ఆ ఈస్ట్ బెంగాల్ ఫైనల్లో గోవా జట్టు సాల్గావ్‌కర్ చేతిలో ఓడిపోయింది. వజ్రం విఫలమైందా, దాన్ని మోసే ఆటగాళ్లు సరిపోలేదా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు.

ఈ గుంపును పాలకులు ఎప్పుడూ కొంత భయంతోనే చూశారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. మాట ఆగి చెయ్యి లేచినప్పుడు ఏమవుతుందో ఆ రోజు నేర్పింది. 2021 ఎన్నికల్లో ‘ఖేలా హోబే’, అంటే ఆట ఉంటుంది, అన్న నినాదంతో గెలిచిన మమతా బెనర్జీ ప్రభుత్వం అదే ఆగస్టు 16ను ఖేలా హోబే దినంగా ప్రకటించింది. 1946లో ముస్లిం లీగ్ ప్రత్యక్ష చర్యకు పిలుపునిచ్చిన తేదీ కూడా అదేనని బీజేపీ అభ్యంతరం చెప్పింది. చనిపోయిన అభిమానులు ఆ వాగ్వాదం అడుగున పడిపోయారు.

2024లో ఆ తేదీ గడిచిన రెండు రోజులకు, ఆగస్టు 18న, డ్యూరాండ్ కప్‌లో ఈ రెండు జట్లు తలపడవలసి ఉంది. 1888లో సిమ్లాలో మొదలైన ఆ టోర్నీని ప్రారంభించింది, అఫ్గానిస్తాన్ సరిహద్దు మీద గీతకు తన పేరు మిగిల్చిన మోర్టిమర్ డ్యూరాండే. ఆగస్టు 9న ఆర్జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్యతో నగరం అప్పటికే అట్టుడుకుతోంది. గ్యాలరీలో నిరసన తెలపాలని రెండు జట్ల అభిమానులూ అనుకున్నారు. చాలినంత బందోబస్తు ఇవ్వలేమన్న కారణంతో మ్యాచ్ రద్దయింది. జట్లకు చెరొక పాయింటు పంచారు.

అభిమానులు ఇళ్లలో కూర్చోలేదు. మ్యాచ్ లేని స్టేడియం బయటికి వచ్చారు. ఎరుపు పసుపు చొక్కాలు, మెరూన్ ఆకుపచ్చ చొక్కాలు, వారితోపాటు మొహమ్మదన్ అభిమానులు ఒకే గొంతుతో న్యాయం అడిగారు. నిషేధాజ్ఞలు ఉన్నాయన్నారు, లాఠీలు లేచాయి, అరెస్టులు జరిగాయి. మమ్మల్ని ఆపడానికి ఇంతమంది పోలీసులు ఉన్నప్పుడు మ్యాచ్‌కు ఎందుకు లేరు అని వారు అడిగారు. దానికి సూటి జవాబు రాలేదు. ఖాళీని ఎవరు మూయాలని దశాబ్దాలుగా వాదించుకున్న జనానికి, ప్రభుత్వ వాదనలో ఖాళీ ఎక్కడుందో కనిపెట్టడం ఎంతసేపు?

ఆట వాదం మనిషిని దానంతట అదే పౌరుణ్ని చేస్తుందని నేను అనను. అదే వాదం 1980లో ప్రాణాలు తీసింది, 1997లో ఒక కుర్రాడి పేరును అపహాస్యం చేసింది. కాని దానికి ఉన్న ఒక మర్యాద మన రాజకీయ చర్చకు కరువైంది. తొంభై నిమిషాల తర్వాత ఫలితం అందరికీ ఒకటే. ఓడినవాడు మర్నాడు అదే అరుగు మీదికి వచ్చి కూర్చోవాలి, గెలిచినవాడు అతనికి చోటివ్వాలి. మన టీవీ చర్చల్లో ఫలితం తేలదు, చట్టసభల్లో చోటివ్వడం తెలియదు. 2024 ఆగస్టులో ఘోటి, బాంగాల్ పక్కపక్కన నిలబడగలిగారంటే, వందేళ్లుగా ఒకరితో ఒకరు వాదించుకుంటూ ఒకరినొకరు ఎరిగి ఉండడమే అందుకు కారణం. అలాంటి అరుగులు మన ఊళ్లలో ఎన్ని మిగిలి ఉన్నాయో లెక్క చూసుకోవడం ఇప్పుడు అవసరం.