పక్కింటి పంజి

మా పక్క వాటాలో బరంపురం నుంచి వచ్చిన ఒడియా కుటుంబం ఉంటుంది. కిందటేడు దసరా వెళ్లిన వారానికే ఆ అమ్మాయి చేపలు మానేసి, ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. "మాకు కార్తీకం వచ్చేసింది అక్కా" అంది. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "దీపావళి రాందే కార్తీకమేమిటమ్మా! మీ క్యాలెండర్‌లో తప్పుందేమో" అనేశారు. పాపం, ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

సాయంత్రం వాళ్ల వంటింటి గోడ మీది క్యాలెండర్‌నీ, మా పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. తప్పు ఎవరిదీ కాదు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ల నెల పున్నమితో. దీపావళి రాత్రి ఇద్దరికీ ఒకటే. మనకది ఆశ్వయుజ అమావాస్య, వాళ్లకు కార్తీక అమావాస్య. వాళ్ల కార్తీకంలో చివరి అయిదు రోజులూ కొంగ కూడా చేపను ముట్టదని అక్కడ సామెతట. కొత్త సంవత్సరమూ ఉగాదికి కాదు, ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మేష సంక్రాంతికి. ఆ రోజు మారేడు గుజ్జుతో పానకం చేసుకుంటారు.

పంచాంగాన్ని వాళ్లు పంజి అంటారు. ఆ పంజి వెనక ఒక పెద్దాయన ఉన్నారు. పేరు సామంత చంద్రశేఖర్, జనం నోట పఠాణి సామంత. 1835లో ఖండపడా రాజవంశంలో పుట్టారు. పాత గ్రంథాల లెక్కలకూ ఆకాశంలో కనిపించే గ్రహాలకూ పొంతన కుదరడం లేదని గమనించి, వెదురు గొట్టాలతో, కర్రలతో తానే పరికరాలు చేసుకుని, ఏళ్ల తరబడి చూసి ఆ లెక్కలు సరిచేశారు. తాటాకుల మీద సంస్కృత శ్లోకాల్లో రాసిన ఆయన 'సిద్ధాంత దర్పణం' 1899లో కలకత్తాలో అచ్చయింది. పూరీ జగన్నాథుని గుడి ఆచారాలకు ఆయన లెక్కలు ఆధారమయ్యాయి.

పేజీలు తిప్పుతూ జూన్ నెల దగ్గర ఆగిపోయాను. మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజులు 'రజ' పండగ. భూమాత ఆ మూడు రోజులూ బహిష్టులో ఉంటుందని నమ్మకం. నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడవాళ్లు నూరడం, రుబ్బడం ఉండదు. పొడొ పిఠా అనే తీపి రొట్టె ముందే కాల్చి పెట్టుకుంటారు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. నాలుగో రోజు సన్నికల్లుకు స్నానం చేయించి పూజిస్తారు.

చిన్నప్పుడు ఆ మూడు రోజులూ పెరటి గదిలో చాప మీద గడిపినదాన్ని నేను. "మీరెంత అదృష్టవంతులో" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "భూమికైతే పండగే అక్కా. మిగతా నెలల్లో మా అత్తగారింట్లో నన్నూ పొయ్యి ముట్టనివ్వరు."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఏటా క్యాలెండర్‌లో అచ్చయ్యే ఆ గౌరవం ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో!

మర్నాడు అత్తయ్యగారే ఉల్లి వేయకుండా అరటికాయ కూర చేసి, "మీ కార్తీకానికి పనికొస్తుందా అమ్మా?" అని అడిగి మరీ ఇచ్చి వచ్చారు. నేను కొత్త క్యాలెండర్ కొనగానే జూన్‌లో ఆ మూడు రోజులకూ ఎర్ర గీత గీశాను. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే గడులే అవి. ఆ మూడు రోజులూ పిండి రుబ్బనని ఇంట్లో చెప్పేశాను కూడా.