బొద్దక్షరముల పుట్టుపూర్వోత్తరములు

చేతిలోని పుస్తకమును మనము అడుగు దూరమున పట్టుకొని నెమ్మదిగా చదువుదుము. అంగడి బోర్డును, వార్తాపత్రిక శీర్షికను, చలనచిత్రపు గోడప్రకటనను నడచుచునే చదువుదుము. పుస్తకమునకు చాలిన సన్నని గీత దూరపు చూపునకు చాలదు. కావున శీర్షికల కొరకు లావుపాటి గీతలతో ప్రత్యేకముగా తీర్చిన అక్షరములు ఏర్పడినవి. వీనినే బొద్దక్షరములందురు. చిన్న అక్షరమును పెంచి, గీతకు మరికొంత నలుపు పూసినంత మాత్రమున బొద్దక్షరము కాదు. తెలుగున ఈ పని ఎంత కష్టమో కృష్ణాతీరపు అక్షరముల చరిత్ర చక్కగా తెలుపును.

ఈ సీమలో వ్రాతకు మొదటి ఆధారము రాయి. భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రే కనుగొనిన ధాతుకరండములపై బ్రాహ్మీ లిపి కలదు. అందలి అక్షరములలో నిలువు గీతలును, కోణములును హెచ్చు. 10వ శతాబ్దికి చెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనము నాటికి ఆ లిపి చాలవరకు గుండ్రదనము పొందినది. తాటియాకు ఇందుకు ఒక కారణమని పండితులు తలతురు. ఆకులోని ఈనెలు పొడవునా సాగును. వాని వెంట గంటముతో అడ్డగీత గీచినచో ఆకు చీలును. వంపు గీతతో ఆ భయము తక్కువ. గంటపు మొన గీచు గీత అంతటను ఒకే సన్నదనము కలిగియుండును. లావు, సన్నముల భేదము మన తాటియాకు వ్రాతలో లేదు.

రోమను లిపి కథ వేరు. వెడల్పు మొనగల కలముతో వ్రాయుటచే అందు ఒక గీత లావుగను, వేరొకటి సన్నముగను వచ్చెను. గీతల కొసలయందు సెరిఫ్ అను చిన్న అంచులు నిలిచెను. 19వ శతాబ్ది ఆరంభమున లండను నగరములో వ్యాపార ప్రకటనలు పెరుగగా, రాబర్ట్ థార్న్ మొదలగు అచ్చు పోతవారు సన్నగీతలను అట్లే యుంచి లావు గీతలను మరింత ఉబ్బించిరి. దానికి ఫ్యాట్ ఫేస్ అని పేరు. 1922లో చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ రచించిన కూపర్ బ్లాక్ అను అక్షరము ఆ అంచులను సయితము గుండ్రముగా చేసి మిక్కిలి ప్రచారము పొందెను. రోమను పెద్ద అక్షరములు 26 మాత్రమే. అవన్నియు ఒకే ఎత్తున నిలుచును. కనుక వానిని లావు చేయుట కొంత సులభము.

తెలుగు పుస్తకములు తొలుత 1746లో జర్మనీలోని హాలే నగరమున అచ్చయినవి. కృష్ణాతీరమున మచిలీపట్టణమునుండి 1902లో కృష్ణాపత్రిక వెలువడెను. ఆ పేరునే పరిశీలింపుడు. ‘కృష్ణా’ అను మాటలో అక్షరములు రెండే, అంతస్తులు మూడు. నడుమ క, ష. పైన తలకట్టు, దీర్ఘము. క్రింద వట్రసుడి, ణ ఒత్తు. గీత లావైనకొలది వట్రసుడి తోక ప్రక్కనున్న ఒత్తును ఒరయును. ష కడుపులోని చిన్న గీత చుట్టునున్న తెలుపు పూడిపోవును. ‘విజయవాడ’లో ఐదక్షరములున్నను ఒత్తు ఒక్కటియు లేదు. ఒకే ఎత్తుగల పట్టీలో రెండు మాటలను వ్రాసినచో, విజయవాడకు క్రింద మిగులు చోటంతయు కృష్ణాకు ఒత్తులకే పోవును.

తెలుపు పూడుట అందమునకు మాత్రమే సంబంధించిన లోపము కాదు. ఠ నడుమ చుక్క పూడినచో ర వలె కనబడును. ప పైభాగపు సందు మూసికొనినచో వ అను భ్రమ కలుగును. ముద్రణలో సిరా ఒత్తిడికి కొంచెము వ్యాపించును గనుక ప్రమాదము మరింత పెరుగును. కావున నేర్పరియైన రూపకర్త బయటి గీతను లావుచేసి, లోపలి గీతను కొంత సన్నము చేయును. చుక్కకు చుట్టును చోటు విడుచును. ఒత్తును సరిగా క్రిందనుంచక కొంచెము కుడికి జరుపును.

అక్షరము పెద్దదైనకొలది లోహముతోను చిక్కులు కలవు. అచ్చు అక్షరములకు సీసము, తగరము, ఆంటిమొనీ కలిపిన మిశ్రమమును వాడుదురు. 6 అంగుళముల చదరపు అక్షరమును అచ్చుకు తగిన 0.918 అంగుళముల ఎత్తున గట్టిగా పోసినచో దాని బరువు సుమారు 5½ కిలోగ్రాములగును. పైగా పెద్ద పోత సమముగా చల్లారక ముఖము గుంటపడును. అందుచేతనే 1827లో అమెరికాలో డేరియస్ వెల్స్ చెక్క అక్షరములను యంత్రముతో చెక్కుట ఆరంభించెను.

తెలుగు ముద్రాపకులకు జింకు బ్లాకు మిక్కిలి తోడ్పడినది. చిత్రకారుడు కుంచెతో వ్రాసిన శీర్షికను ఛాయాచిత్రము తీసి, ఆ నెగెటివు ద్వారా పూతపూసిన జింకు రేకుపై వెలుతురు పడనిత్తురు. వెలుతురు సోకినచోట పూత గట్టిపడును. మిగిలినచోట ఆమ్లము లోహమును తినివేయగా అక్షరము ఎత్తుగా నిలుచును. దీనితో పోత అక్షరములకు లొంగని ఒత్తులు చేతివ్రాతలో స్వేచ్ఛ పొందినవి.

విజయవాడనుండి 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు వెలువడినవి. గాంధీనగరము చలనచిత్రముల పంపిణీకి కేంద్రమైనది. పత్రికకును, చిత్రమునకును దూరమునుండి గుర్తింపదగిన పేరు కావలెను. 1933లో నరసాపురమున జన్మించిన బాపు చేతివ్రాత ఎంతగా జనాదరణ పొందినదనగా, తరువాత అది కంప్యూటరు అక్షరముగా కూడ రూపొందినది.

నేడు సీసము లేదు, జింకు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణములోనే తెలుగునకు స్థానము లభించెను. 2010 తరువాత సిలికానాంధ్ర ద్వారా ఉచితముగా లభించిన తెలుగు ఫాంట్లలో రామభద్ర అనునది శీర్షికలకు, గోడప్రకటనలకు ఉద్దేశించిన బొద్దక్షరము. కంప్యూటరులో ఒక మీట నొక్కి ఏ అక్షరమునైనను లావు చేయవచ్చును. కాని ఆ మీటకు ఠ నడుమ చుక్క విలువ తెలియదు; అన్ని గీతలను ఒకే తీరున ఉబ్బించును.

విద్యార్థులు లావు కుంచెతో ‘విజయవాడ’, ‘కృష్ణా’ అను రెండు మాటలను ఒకే ఎత్తున వ్రాసి, గది ఆవలి అంచునుండి చూడవచ్చును. ఏ మాట ముందు మసకబారునో, అందు ఏ తెలుపు పూడినదో గుర్తించినచో, బొద్దక్షరపు బలము నలుపులో కంటె దాని నడుమ విడిచిన తెలుపులోనే హెచ్చుగా ఉన్నదని తేటపడును.