విప్పి చూసిన చేతులు: పాత కంప్యూటర్ల పునర్వినియోగం, డిజిటల్ అంతరం

ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థులకు ఒక కంప్యూటర్ ఇస్తే వాళ్ల చదువు మారుతుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన రెండు ప్రయోగాలు అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగాయి. రెండింటిలోనూ పంచినవి కొత్త యంత్రాలు కావు. చికో పట్టణంలోని ‘కంప్యూటర్స్ ఫర్ క్లాస్‌రూమ్స్’ అనే లాభాపేక్ష లేని సంస్థ బాగుచేసిన పాతవి. మొదటి ప్రయోగం బ్యూట్ కాలేజీలో జరిగింది. ఆర్థిక సహాయం మీద చదువుతున్న 286 మంది కొత్త విద్యార్థుల్లోంచి కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, వాళ్లకు మాత్రమే కంప్యూటర్లు ఇచ్చారు. వాళ్ల చదువులో కొద్దిపాటి మెరుగుదల కనిపించిందని రాబర్ట్ ఫెయిర్లీ, రెబెకా లండన్ 2012లో ప్రకటించారు. రెండోది 15 పాఠశాలల్లో, ఆరు నుంచి పది తరగతుల 1,123 మంది పిల్లలతో జరిగింది. ఏడాది చివర చూస్తే మార్కుల్లో గానీ, పరీక్షల్లో గానీ, హాజరులో గానీ తేడా లేదని ఫెయిర్లీ, జొనాథన్ రాబిన్సన్ 2013లో తేల్చారు.

పాత కంప్యూటర్లు పంచే ఉద్యమం మీద నమ్మకమున్న వాళ్లు రెండో ఫలితాన్ని పక్కన పెట్టేస్తారు. అది తప్పు. ఆ ఫలితాన్ని ఒప్పుకునే ముందుకు సాగాలి. అయితే అది కొట్టేసింది పునర్వినియోగాన్ని కాదు, పంపిణీని. యంత్రం ఇంటికి చేరడంతో పని పూర్తయిందనుకునే పద్ధతిని. జాన్ వాన్ డైక్ 2005లో రాసిన ‘ది డీపెనింగ్ డివైడ్’లో డిజిటల్ అందుబాటును నాలుగు మెట్లుగా చూపాడు: ఆసక్తి, సాధనం, నైపుణ్యం, వినియోగం. పంపిణీ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మిగతా మూడూ పాత కంప్యూటర్‌ను బాగుచేసే బల్ల దగ్గరే దొరుకుతాయన్నది ఈ వ్యాసం వాదన.

అసలు పాతదాన్ని ఎందుకు నిలబెట్టాలి? దీనికి లెక్క ఉంది. ఒక డెస్క్‌టాప్‌నీ, 17 అంగుళాల పాత గాజు మానిటర్‌నీ తయారు చేయడానికి కనీసం 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చవుతాయని ఎరిక్ విలియమ్స్ 2004లో అంచనా కట్టాడు. ఆయన లెక్కలో కంప్యూటర్ జీవితకాలంలో పట్టే శక్తిలో 81 శాతం తయారీలోనే పోతుంది, వాడకంలో పోయేది 19 శాతమే. ఫ్రిజ్ సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అందుకే కంప్యూటర్‌ను కరిగించి లోహం రాబట్టడం కన్నా మరో మూడు నాలుగేళ్లు వాడుకోవడం ఎంతో మేలు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్‌లో 2000లో ఓసో మార్టిన్, ఆయన మిత్రులు ‘ఫ్రీ గీక్’ను ప్రారంభించారు. జనం పారేసే కంప్యూటర్లను తీసుకోవడం, పనికొచ్చేవాటిని బాగుచేయడం, రానివాటిని విప్పి పద్ధతిగా రీసైక్లింగ్‌కు పంపడం వాళ్ల పని. ఇంతవరకు చాలా సంస్థలు చేస్తాయి. ఫ్రీ గీక్ ప్రత్యేకత కంప్యూటర్ చేతికందే దారిలో ఉంది. అక్కడ 24 గంటలు స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లకు ఒక కంప్యూటర్, దాన్ని వాడే పాఠం దక్కేవి. ఇంకో దారిలో వెళ్లేవాళ్లు ఆరు కంప్యూటర్లు కూర్చాల్సి ఉండేది. ఐదు సంస్థకు, ఆరోది కూర్చినవాళ్లకు.

ఈ ఆరో కంప్యూటర్ గురించి కాస్త ఆలోచించాలి. అప్పటికి ఆ మనిషి ఐదు పెట్టెలు తెరిచి ఉంటాడు. ర్యామ్ సరిగా కూర్చోకపోతే తెర నల్లగానే ఉంటుందని, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ మళ్లీ మొదటికొస్తుందని, హార్డ్‌డిస్క్ చచ్చేముందు ఏ శబ్దం చేస్తుందో తెలుసుకుని ఉంటాడు. ఇంటికి వెళ్లాక అది మొరాయిస్తే బెదిరిపోడు, మూత విప్పుతాడు. పేద ఇంట్లో పాత యంత్రం మూలపడేది చాలాసార్లు చిన్న లోపం వల్లే. దాన్ని సరిచేయించే డబ్బూ ఉండదు, తెలిసిన మనిషీ ఉండడు. ఆ మనిషినే తయారు చేయడం ఫ్రీ గీక్ సాధించిన పెద్ద విజయమని నేను భావిస్తాను. పైగా అతను దాత ముందు చేయి చాచలేదు, పనిచేసి తీసుకున్నాడు. ఈ గౌరవాన్ని ఏ సర్వే పట్టికా కొలవలేదు, అయినా అది లెక్కలోకి రావాల్సిందే. ఇదే పేరుతో షికాగో, వాంకూవర్‌లలోనూ సంస్థలు వెలిశాయి.

బల్ల దగ్గర నేర్చుకోవాల్సిన రెండో విద్య పనికిరానిదాన్ని వద్దనడం. 2005లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే సంస్థ ‘ది డిజిటల్ డంప్’ అనే నివేదిక వెలువరించింది. నైజీరియాలోని లాగోస్ రేవుకు నెలకు దాదాపు 500 కంటైనర్ల పాత ఎలక్ట్రానిక్ సరుకు వస్తోందని, అందులో 75 శాతం దాకా బాగుచేసినా గిట్టుబాటు కాని చెత్తేనని స్థానిక వ్యాపారులు చెప్పారని అందులో ఉంది. డిజిటల్ అంతరాన్ని పూడుస్తామన్న మాట చాటున చెత్త ఓడలెక్కింది. పరీక్షించకుండా పంపిన కంప్యూటర్‌ను దానమనకూడదు.

దాతల వైపు అడ్డంకి తమ సమాచారం బయటపడుతుందన్న భయం. క్విక్ ఫార్మాట్ కొట్టినంత మాత్రాన ఫైళ్లు పోవు. హార్డ్‌డిస్క్ అయితే మొత్తం మీద కొత్త డేటా రాయాలి. ఎస్‌ఎస్‌డీలో అదీ చాలదు, ఎందుకంటే అది బయటికి కనపడని అదనపు గదుల్లోకీ డేటాను మారుస్తుంటుంది. దానికి లోపలే ఉన్న చెరిపివేత ఆదేశం వాడాలి. దీనికి అమెరికా ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు ఉన్నాయి. అయినా చాలా కంపెనీలు భయంతో డిస్క్‌ను పీకి ముక్కలు చేసి, ఖాళీ పెట్టె దానమిస్తాయి. చెరిపివేతకు రాతపూర్వక ధ్రువీకరణ ఇవ్వగల సంస్థకే మంచి యంత్రాలు దొరుకుతాయి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే పనికొస్తుంది. నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాలు ఒక్క తేదీతో పాతబడ్డాయి. వాటిని నిలబెట్టేది ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సే. ఫ్రీ గీక్ మొదటి నుంచీ దాన్నే ఎంచుకుంది. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది కాబట్టి, మన పిల్లల ముందు తెలుగు మెనూలతో తెరుచుకునే పాత కంప్యూటర్ ఊహ కాదు.

మన దేశంలో అవసరమెంతో 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది. అప్పటికి కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. ఇంకోవైపు 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు బాగుచేసేవాళ్లను కూడా గుర్తించి, వాళ్లకు నమోదు తప్పనిసరి చేశాయి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత లాప్‌టాప్‌లు విప్పి బాగుచేసే కుర్రాళ్లకు ఉన్న విద్య తక్కువది కాదు. వాళ్లను గురువులుగా పిలవడానికి ఏ కళాశాలకూ అభ్యంతరం ఉండకూడదు.

పరిశోధకులకు ఇక్కడ స్పష్టమైన పని ఉంది. ఫెయిర్లీ ప్రయోగాలు కంప్యూటర్ అందుకున్నవాళ్లను, అందుకోనివాళ్లను పోల్చాయి. ఇచ్చినదాన్ని తీసుకున్నవాళ్లను, తమ చేతులతో కూర్చుకున్నవాళ్లను పోల్చలేదు. ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థులను లాటరీతో మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు యంత్రాలు ఇచ్చి, ఇంకో గుంపులో ఒక్కొక్కరితో ఆరు కూర్పించి ఆరోది ఇచ్చి, మూడో గుంపుకు ఏడాది తర్వాత ఇస్తే సరిపోతుంది. మార్కులతో పాటు, రెండేళ్ల తర్వాత ఎన్ని యంత్రాలు ఇంకా నడుస్తున్నాయో, ఆగినవాటిని ఎవరు బాగుచేశారో కూడా లెక్కించాలి.