గాలి మళ్లేలోగా బాకీ తీరాలి

అప్పటి ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం 1614 నవంబరు 21. సోమవారం, పైగా అమావాస్య. ఆడా మగా బందరు సముద్రానికి స్నానాలకు కదిలి వచ్చారు. పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చి వర్తకుడు ఆ పండుగ సంగతి తన దినచర్యలో రాసుకున్నాడు. కానీ అతణ్ని తొలిచేస్తున్న దిగులు వేరే ఉంది. గాలి!

రేవులో లంగరేసి ఉన్న ఓడ పేరు గ్లోబ్. లండన్ ఈస్టిండియా కంపెనీది. ఈశాన్యపు గాలి వీస్తుండగానే తెరచాప ఎత్తితే ఆఫ్రికా కొస చుట్టి ఇంటికి చేరొచ్చు. ఆ అదను తప్పితే మరో ఏడాది ఇక్కడే పడిగాపులు. నావికుల జీతాలు, తిండి, ఉప్పునీటిలో నానే ఓడ చెక్క, అన్నీ ఖర్చే. బందరు గవర్నరుకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే కొన్న సరుకు తాలూకు బాకీని ఇవాళ రేపు అంటూ సాగదీస్తున్నాడు. అతని చేతిలో ఫిరంగి అక్కర్లేదు. వాయిదా చాలు.

పెద్దపల్లి రేవులో

ఈ కథ మొదలైంది మన గడ్డమీదే.   మాది కృష్ణా డెల్టాలోని కొల్లూరు. ఇక్కణ్నుంచి భట్టిప్రోలు, రేపల్లె దాటి దక్షిణంగా దిగితే నిజాంపట్నం వస్తుంది. దాని పాతపేరు పెద్దపల్లి. తెల్లవాళ్ల రాతల్లో 'పెటాపోలి'. డచ్చివాళ్లు 1606లోనే అక్కడ కోఠీ పెట్టారు.

1611 జనవరిలో ఇంగ్లండు నుంచి బయల్దేరిన గ్లోబ్ ఆగస్టులో ముందు పులికాట్ చేరింది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. వర్తకం చూసేది ఫ్లోరిస్, లూకాస్ ఆంథెనిస్. ఇద్దరూ ఒకప్పుడు డచ్చి కంపెనీలో పనిచేసినవాళ్లే. కోరమాండల్ తీరంలో వర్తకానికి కంపెనీ పంపిన మొదటి ఓడ ఇదే.

పులికాట్‌లో డచ్చి అధికారి వాన్ వెసిక్ అడ్డం పడ్డాడు. విజయనగర రాజు వెంకటపతి రాయలు తమకు కౌలు, అంటే అనుమతి పత్రం, ఇచ్చాడనీ, తమ మారిస్ యువరాజు అనుమతి లేనిదే ఐరోపా వాళ్లెవరూ ఇక్కడ కొనకూడదనీ అన్నాడు. మాకు మా రాజు ఇచ్చిన పత్రం ఉందని ఇంగ్లీషువాళ్లు ఎదురు చెప్పారు. మాటామాటా పెరిగితే రేవు అధికారి షాబందరు సర్దిచెప్పాడు. చివరికి ఊరి పాలన చూసే మహిళ తీర్పు చెప్పింది. ఫ్లోరిస్ ఆమె పేరును 'కొండ మా' అని రాశాడు. ఆమె కూడా డచ్చివాళ్లకే మొగ్గింది. ఇంగ్లీషు ఓడ చేసేది లేక ఉత్తరానికి తిరిగి ఆగస్టు 20న పెద్దపల్లి చేరింది. అక్కడి అధికారికి కానుకలిచ్చి, నూటికి మూడు చొప్పున సుంకం కట్టడానికి ఒప్పుకుని సరుకు దించుకుంది. ఆంథెనిస్‌ను అక్కడ ఉంచి, ఫ్లోరిస్ ఓడతో బందరు వెళ్లాడు.

చిరివేరు ఎరుపు

ఇంత దూరం దేనికొచ్చారు? నిజాంపట్నం ఎర్రబట్ట కోసం. సముద్రపు ఒడ్డు ఇసుకలో పెరిగే చిరివేరు ఆ రంగుకు ప్రాణం. బట్టను కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టాలి. పటిక పట్టించాలి. ఆ తరువాత చిరివేరుతో ఉడకబెడితే, పటిక తాకిన చోటల్లా ఎరుపు నూలులోకి ఇంకిపోతుంది. ఎన్ని ఉతుకులకైనా వదలదు. అలాంటి పక్కా ఎరుపు ఆనాడు ఐరోపా అద్దకపువాళ్లకు పత్తిబట్ట మీద పట్టుబడలేదు. అప్పటి లెక్కలో అదే అత్యున్నత టెక్నాలజీ. అది మన అద్దకపువాళ్ల చేతిలో ఉండేది.

ఆగ్నేయాసియాలోని బాంటం, పటానీ రేవుల్లో మిరియాలు, సుగంధద్రవ్యాలు కావాలంటే మన బట్టే డబ్బు. ఫ్లోరిస్ ఇక్కడ బట్టలు కొని 1612లో ఆ రేవులకు తీసుకెళ్లాడు. పటానీలోనే కెప్టెన్ హిప్పన్ చనిపోయాడు. 1613 డిసెంబరులో ఓడ మళ్లీ బందరు వచ్చింది. ఏడాదిపాటు అమ్మకాలు, కొనుగోళ్లు. ఆఖర్న మిగిలింది గవర్నరు బాకీ.

తెరచాపల్లో తుపాకులు

అడిగి అడిగి విసిగిన ఫ్లోరిస్ ఆ అమావాస్య వారంలోనే తెగించాడు. ఒడ్డుకు ఆయుధాలు తేకూడదని కట్టడి. అందుకని తుపాకులను తెరచాపల్లో చుట్టి చిన్న పడవలో దాచి తెచ్చారు. సుంకపు ఠాణాలో గవర్నరు కొడుకు వెంకటాద్రి కూర్చుని ఉన్నాడు. కాపలావాళ్లు తేరుకునేలోపే అతణ్ని పట్టుకుని పడవెక్కించి ఓడమీదికి తోసుకుపోయారు.

వెంకటాద్రి బ్రాహ్మణుడు. పరాయివాళ్లు వండింది తినడు, వాళ్ల నీళ్లు తాగడు. ఓడమీద ఉపవాసమే. చూసి జాలిపడ్డ ఫ్లోరిస్, హోదా ఉన్న ముస్లిములు ఇద్దరు వచ్చి బదులుగా కూర్చుంటే ఇతణ్ని వదిలేస్తానన్నాడు. ఎవ్వరూ ముందుకు రాలేదు. కొడుకు ఆకలి తండ్రి పట్టుదలను విరిచేసింది. బాకీ చెల్లింది. నవంబరు 30న వెంకటాద్రి ఒడ్డుకు చేరాడు. డిసెంబరు గాలికి గ్లోబ్ కదిలింది.

1615లో ఓడ ఇంగ్లండు చేరింది. ఆ యాత్ర పెట్టుబడి మీద 218 శాతం లాభం తెచ్చింది. ఫ్లోరిస్ దాన్ని అనుభవించలేదు. తిరిగి వెళ్లిన కొద్ది నెలల్లోనే కన్నుమూశాడు.

ఆగగలవాడిదే పైచేయి

ఆ రోజు ఇంగ్లీషువాళ్లు దౌర్జన్యంతో గెలిచారు. కానీ ఐరోపా కంపెనీల అసలు బలం అది కాదు, పోగుపడిన మూలధనం. డచ్చి కంపెనీ 1602లోనే 64 లక్షల గిల్డర్ల మూలధనం సమీకరించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పనిమనిషి సైతం వంద గిల్డర్లు పెట్టింది. ఇంగ్లీషు కంపెనీ మొదట్లో ఒక్కో యాత్రకు విడిగా చందా పోగుచేసి, ఓడ రాగానే పంచుకునేది. 1657కి అదీ శాశ్వత మూలధనానికి మారింది. డబ్బు వెనక్కి అడిగేవాడు లేకపోతే ఉద్యోగులు ఏడాది పొడుగునా రేవులో కూర్చుంటారు. నేతగాడికి బయానా ఇచ్చి కట్టేసుకుంటారు. ఓడలు లేని రోజుల్లో చౌకగా కొని గోదాము నింపుతారు. గవర్నరు నమ్ముకున్న వాయిదా వాళ్ల ముందు ఇక పారదు.

1759లో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఫోర్డ్ సేన బందరు కోటను పట్టింది. అదే ఏడు నిజాం సలాబత్ జంగ్ బందరుతోపాటు నిజాంపట్నం సర్కారునూ కంపెనీకి రాసిచ్చాడు. 1611లో కానుకలిచ్చి, సుంకం కట్టి సరుకు దించుకున్న రేవుకు 148 ఏళ్లకు వాళ్లే యజమానులు. 1788లో గుంటూరు సర్కారు కూడా వాళ్ల వశమైంది.

తరువాత ఇంధనం మారింది. గాలి స్థానంలో బొగ్గు వచ్చింది. ఆవిరి ఓడ రుతువు కోసం చూడదు. 1868లో గ్రేబే, లీబర్మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు బొగ్గుతారు నుంచి దొరికే పదార్థంతో అలిజరిన్ అనే ఎర్రరంగు తయారుచేశారు. చిరివేరులో రంగునిచ్చే పదార్థం కూడా అదే. తరతరాల అద్దకపు విద్య ప్రయోగశాల ముందు నిలవలేకపోయింది.

మన కాలంలో ఇంధనం అదే బంగాళాఖాతం అడుగున ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రిలయన్స్ 2002లో కనుగొన్న డి-6 బ్లాకు వాయువు 2009లో గానీ ఒడ్డుకు రాలేదు. ఏడేళ్లు ఆగే పెట్టుబడి ఉంటేనే అంత లోతుకు దిగగలిగేది. అయినా 2011లో 720 కోట్ల డాలర్లకు డి-6 సహా పలు బ్లాకుల్లో 30 శాతం వాటా బ్రిటిష్ కంపెనీ బీపీకి వెళ్లింది. లోతు సముద్రపు పనితనం కోసం ఆ తోడు కావలసి వచ్చింది.

అద్దకపు కాలంలో మనకు సరుకు కొరత లేదు, నేర్పు కొరత లేదు. ఆగే శక్తే కొరత. కల్లంలోనే ధాన్యం తెగనమ్ముకునే డెల్టా రైతుకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. ధర బాగుండే దాకా నిల్వ చేసుకునే గోదాము, ఆ నిల్వ మీద తక్కువ వడ్డీకి అప్పు, అందరూ కలిసి వేసుకున్న సహకార మూలధనం ఉంటే అతనే ధర చెబుతాడు. దేశాలకూ ఇదే సూత్రం. ఇంధనం, యంత్రం, పెట్టుబడి ఈ మూడూ కలిసి కొనేది కాలాన్నే. కాలం ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. చిరివేరు తీరంలో పుట్టిన మన పిల్లలకు బడిలో నేర్పాల్సిన మొదటి చరిత్ర పాఠం ఇదే.