బైండుపని నేర్చిన బారిష్టరు

మన కులమునందు చదువు పెరిగినకొలది పనిముట్లు మూలబడుచున్నవి. కుమారునకు బల్లయు కుర్చీయు లభించిన తలిదండ్రులు కృతార్థుల మైతిమని తలంతురు. వాడు కచేరి విడిచి చేతిపని నేర్తుననిన, చదువు మంటగలిసినదని విలపింతురు. ఈ భయము తగునా యని విచారించుటకు ఇంగ్లండు చరిత్రనుండి యొక యుదాహరణమును సభాసదుల యెదుట నుంచుచున్నాము.

1840లో జన్మించిన థామస్ జేమ్స్ శాండర్సన్ కేంబ్రిడ్జిలో చదివి, 1871లో బారిష్టరయ్యెను. ఒక గొప్ప రైల్వేకంపెనీ హక్కులను, బాధ్యతలను క్రోడీకరించుచు కాగితముల నడుమ శ్రమించి ఆరోగ్యము చెడగొట్టుకొనెను. 1882లో రాజకీయవేత్త రిచర్డు కాబ్డెన్ కుమార్తెను వివాహమాడి, ఆమె యింటిపేరును తన పేరున జేర్చుకొని కాబ్డెన్-శాండర్సన్ అయ్యెను. చేతులతో జేయు పని కావలెనని పరితపించుచుండగా, 1883లో విలియం మారిస్ కవి భార్య జేన్, బైండుపని నేర్వరాదా యని సూచించెను. నలువదిరెండేండ్ల న్యాయవాది రోజర్ డి కవర్లీ యను బైండరుకడ శిష్యుడుగా జేరెను.

ఆ పని సులభమైనది కాదు. ఫారములను దారముతో గుట్టవలెను. తోలు అంచులను కత్తితో పలుచన జేయవలెను. గ్రుడ్డులోని తెల్లసొన పూసి, బంగారురేకు పఱచి, కాచిన పనిముట్టుతో నొత్తవలెను. వేడి హెచ్చినచో తోలు కమలును. తగ్గినచో బంగారము అంటదు. ఆ పాకము గ్రంథములవలన తెలియునది కాదు, చేతికే తెలియవలెను. ఆయన 1884లో సొంతముగా పని నారంభించి, 1893లో డవ్స్ బైండరీని, 1900లో ఎమెరీ వాకరుతో గలసి డవ్స్ ముద్రాలయమును స్థాపించెను. 1903 మొదలు 1905 వఱకు ఐదు సంపుటములుగా వెలువడిన బైబిలు ఆ ముద్రాలయమునకు కీర్తి తెచ్చెను. చదువెఱిగిన కన్నును, పని యెఱిగిన చేయియు నేకమైనందుననే యిది సాధ్యమయ్యెను.

అయినను ఒక సంగతి మఱువరాదు. ఆయనకు భార్య ధనము అండగా నుండెను. నెలజీతము విడిచి పని నేర్చు మన యువకునకు ఆ యండ యేది? నేర్చునన్నాళ్లు వాని యిల్లు గడచు టెట్లు?

ఈ చిక్కు మన పూర్వు లెఱుగనిది కాదు. శిల్పము నేర్వగోరువాడు బంధువుల యనుమతితో, గడువు నిశ్చయించుకొని గురువుకడ నుండవలెననియు, గురువు తన యింట నన్నము పెట్టి, వేఱుపనులు చేయింపక, పుత్రునివలె జూడవలెననియు నారదస్మృతి విధించినది. శిష్యుని యుత్సాహమునకే సర్వము విడువక, వాని యన్నమును గూడ ధర్మములో జేర్చిరి.

కావున, కళాశాలవిద్యార్థులకు వేతనము లిచ్చునట్లే పని నేర్చువారికిని భోజనవేతనము నేర్పఱపవలెననియు, పనియెఱిగిన పెద్దలు జీవించియుండగనే ఒక్కొక్కరికడ ఒక్కొక్క యువకుని నిలుపవలెననియు ఈ మహాసభవారిని ప్రార్థించుచున్నాము.