లక్ష్మీనరసుశెట్టి మహజరు: మదరాసు నుంచి పార్లమెంటు దాకా

బెంగళూరులో ఏ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళినా కన్నడంలో ‘అర్జి’ అన్న మాట కనబడుతుంది. ఉద్యోగానికైనా, రేషను కార్డుకైనా అదే మాట. మన తెలుగులో అర్జీ అంటే ఎక్కువగా కష్టం చెప్పుకోవడం. ఉద్యోగానికి పెట్టుకొనేది దరఖాస్తు. కన్నడదేశంలో ‘దరఖాస్తు’ అనగానే పల్లెల్లో సర్కారు భూమి కోసం పెట్టుకొనే విన్నపం గుర్తుకు వస్తుంది. రెండు భాషలూ ఒకే కచేరీ నుంచి మాటలు తెచ్చుకొని, ఎవరి అవసరానికి వారు వాటిని మలచుకున్నాయి. ఇదే కుటుంబంలో ఇంకొక మాట ఉంది, మహజరు. ఒక మనిషి పెట్టుకొనేది అర్జీ. పదిమంది కూడి, చేవ్రాళ్ళు చేసి పంపేది మహజరు. ఈ వ్యాసం అలాంటి ఒక మహజరు గురించి.

దానిని పంపినవారు మదరాసు నేటివ్ అసోసియేషన్ వారు. 1852 ఫిబ్రవరిలో ఏర్పడిన ఈ సంఘానికి ప్రాణం గాజుల లక్ష్మీనరసుశెట్టి. ఆయన 1806లో పుట్టారు. మదరాసులో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబం. నీలిమందు, బట్టల వ్యాపారం. పెద్ద చదువులు చదివినవారు కారు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రికను పెట్టించి, మిషనరీల మతప్రచారానికి సర్కారు వత్తాసు పలకడాన్ని ఎదిరించడంతో ఆయన ప్రజాజీవితం మొదలైంది. అక్కడ మొదలైన మనిషి రైతు పన్నుల దాకా రావడం మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తికరంగా తోస్తుంది.

సమయం కూడా కలిసివచ్చింది. ఈస్టిండియా కంపెనీ పట్టాను పార్లమెంటు ఇరవై ఏండ్లకొకసారి తిరిగి పరిశీలించేది: 1793, 1813, 1833. తరువాతి గడువు 1853. కలకత్తాలో 1851లో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్, బొంబాయిలో 1852లో బాంబే అసోసియేషన్ పుట్టింది ఇందుకే. మదరాసు సంఘం మొదట కలకత్తా సంఘానికి శాఖగా ఉండి, త్వరలోనే విడివడింది. ఇక్కడి బాధలు అక్కడి బాధలవంటివి కావు. బెంగాలులో జమీందారీ శాశ్వత పద్ధతి, ఇక్కడ రైతువారీ. అంటే సర్కారుకూ రైతుకూ మధ్య జమీందారు లేడు, తాసిల్దారూ ఆయన బంట్రోతులూ ఉన్నారు. దత్తమండలాలలో మన్రో 1800-1807 మధ్య కలెక్టరుగా ఉండి నడిపిన పద్ధతి ఇదే. బెంగళూరులో చదువుకొనే మన విద్యార్థులలో ఎందరికో తాతముత్తాతలు ఆ జమాబందీ చూసినవారే.

ఆ మహజరు 1853లో పార్లమెంటు ముందుకు వచ్చింది. శిస్తు భారం, ఉప్పు, అబ్కారీ, న్యాయస్థానాల జాప్యం, చదువుకు సర్కారు విదిల్చే సొమ్ము, పాలనలో దేశీయులకు చోటు లేకపోవడం అందులో ఉన్నాయి. మొతర్ఫా మీద ఘాటుగానే వ్రాశారు. ఇది చేతివృత్తులమీద, చిల్లర వర్తకంమీద పన్ను. సాలెవాని మగ్గం మొదలుకొని బాటపక్కన కూర్చొని అమ్ముకొనేవారి దాకా దీనికి తప్పినవారు తక్కువ. బాటలు, వంతెనలు, చెరువులు, కాలువలు కావాలని కూడా అడిగారు. ఈ కోరికను మామూలు కోరికగా చదవకూడదు. గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరువు తెలుగువారు మరచిపోయే సంగతి కాదు. ధవళేశ్వరం వద్ద కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లోనే ఒక కొలిక్కి వచ్చింది. నీటి కోసం పెట్టిన సొమ్ము వృథా పోదని చూపడానికి కళ్ళెదుటే ఒక సాక్ష్యం ఉండగా అడిగిన కోరిక అది.

అయితే ఈ మహజరు భాష ఇంగ్లీషు. అడిగింది రైతు కోసం. రైతుకు చదివి వినిపించినా అర్థం కాదు. జమాబందీ, మొతర్ఫా వంటి మాటలు మాత్రం ఇంగ్లీషు వాక్యాల మధ్య అనువాదానికి లొంగక అలాగే నిలిచాయి. అదే 1852లో, అదే మదరాసులో, సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ వెంటనే 1854లో ఆయన మిశ్రభాషా నిఘంటువు. కచేరీ మాటలకు వేరే నిఘంటువు కావలసివచ్చిన కాలం అది.

పార్లమెంటులో పట్టా తంతు ముగిసింది. 1853 చట్టం కంపెనీ పాలనను గడువు చెప్పకుండా సాగనిచ్చింది. మదరాసువారు అడిగిన వాటిలో చాలావాటికి ఆ చట్టంలో జవాబు లేదు. కాని కథ అక్కడ ఆగలేదు. ఇండియా రిఫార్మ్ సొసైటీకి చెందిన డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు మదరాసు వచ్చాడు. లక్ష్మీనరసుశెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పి, శిస్తు వసూలు కోసం రైతులను హింసించడం గురించి వారి నోటనే వినిపించారు. కాగితం చేయలేని పని ప్రయాణం చేసింది. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ మాట లేచినప్పుడు అటువంటివి లేవన్నవారు ఉన్నారు. చివరకు విచారణ సంఘం వేయక తప్పలేదు.

ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురి సంఘానికి కొద్ది నెలల్లో దాదాపు రెండు వేల ఫిర్యాదులు చేరాయి. వందల మైళ్ళు నడిచి వచ్చినవారూ ఉన్నారు. 1855 నాటి నివేదిక హింస నిజమేనని ఒప్పుకొన్నది. వేళ్ళను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కే సాధనాన్ని తమిళంలో కిట్టి అంటారనీ, తెలుగు పేరు ‘చీరట’ అనీ ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసింది. ఇది భజనలో వాయించే చిరతలు అయి ఉంటుందని మా ఊహ. రెండు కర్రల పోలికే అందుకు ఆధారం. ఆ ఊహ సరైనదైతే, దేవుని పాటకు తాళం వేసే వస్తువు పేరే శిస్తు వసూలుకూ అంటుకొన్నదన్నమాట.

అయితే నివేదిక తప్పంతా దేశీయ ఉద్యోగులదేనని, దొరలకు తెలియదని తేల్చింది. మార్క్స్ 1857లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఈ నివేదికపై వ్రాస్తూ ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. మాకూ అది నమ్మదగినదిగా తోచదు. శిస్తు గడువులోగా కచ్చితంగా కావాలని పైనుంచి ఒత్తిడి లేకపోతే కింద చీరట ఎవరికి కావాలి?

ఇదే కాలంలో బెంగళూరు వేరే దారిలో ఉంది. 1830-31లో నగర రైతులు శిస్తు బాధకు తిరగబడిన తరువాత మైసూరు పాలన కంపెనీ చేతికి వచ్చింది. 1834 నుంచి 1861 దాకా కబ్బన్ దొర కమిషనరు. రాజ్యం తిరిగి రాజవంశానికి దక్కిన 1881లోనే దివాను రంగాచార్లు 144 మందితో ప్రజాప్రతినిధి సభను సమావేశపరిచారు. రైతులు, వర్తకులు అక్కడ తమ కోరికలు దివాను ఎదుటే చెప్పుకొన్నారు. లండనుకు వ్రాయనక్కరలేదు, ఆ సభకు శాసనం చేసే అధికారం మాత్రం అప్పుడు లేదు.

మదరాసు సంఘం ఆ తరువాత పద్నాలుగు వేలమంది చేవ్రాళ్ళతో మరొక మహజరు పంపింది. కంపెనీని తీసివేసి రాణి ప్రభుత్వమే నేరుగా ఏలాలని దాని కోరిక. 1858లో అదే జరిగింది, తిరుగుబాటు పుణ్యమా అని. లక్ష్మీనరసుశెట్టి 1863లో మదరాసు శాసనసభలో సభ్యులయ్యారు. అప్పటికి వ్యాపారం చితికింది. ఉన్నదానిలో చాలాభాగం పత్రికకూ, మహజర్లకూ ఖర్చయింది. 1868లో ఆయన కన్నుమూశారు.